పెరటి చెట్టు మందు

నేను వైద్యం చదివింది ఉర్దూలో. మాది నేతవాళ్ల ఇల్లు, ఆ అలిఫ్ బే అక్షరాలు ఎవరికీ రావు. నేను ఎముకల పేర్లు బట్టీపడుతుంటే, పక్కన నూలు కండెలు చుడుతూ అమ్మ, "జర మెల్లగ సదువు బిడ్డా, దయ్యాలను పిలుస్తున్నవనుకుంటరు" అనేది. ఆమె చుట్టిన కండెల మీదే నా చదువు నడిచింది.

అంత చదివి అమీర్‌పేటలో దవాఖాన పెడితే, నా మందు ముట్టనిది ఒక్క మా అమ్మే!

ఆ వానాకాలం ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వణుకు, మంచం కోళ్లు కదిలేంత. సీసాలో క్వినైన్ కలిపి, పూటకెంతో తెలిసేలా కాగితం కత్తిరించి అతికించి ఇచ్చాను. మర్నాడు చూస్తే సీసా నిండుగానే ఉంది.

"తాగవే అమ్మా, పాణం మీదికొస్తది!"

"నీ మందు నాకొద్దు. పంజగుట్ట హకీం సాబ్ పొట్లం తెప్పియ్యి."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! ఒళ్లు మండిపోయింది. కోపమొస్తే నాకొకటే దారి, నాన్న మగ్గం గుంటలో దిగడం. చిన్నప్పటి నుంచీ నా సరదా అదే. ఆ సాయంత్రం ఎంత కసిగా నేశానంటే పడుగు పోగులు పటపటా తెగాయి. "ఇగో, డాక్టర్ సాబ్ ఇయ్యాల మగ్గానికి ఇలాజ్ చేస్తుండు" అని పక్కింటాయన వెక్కిరింత ఒకటి.

ఐదో రోజు అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ఇక పరువా, పాడా! క్వినైన్ పొడి జేబులో వేసుకుని పంజగుట్టకు నడిచాను. హకీం సాబ్ ముందు తలవంచుకుని సంగతంతా చెప్పాను. పెద్దాయన నవ్వలేదు. నా పొడిని తన కాగితాల్లో పొట్లాలు కట్టి ఇచ్చాడు. వణుకు తగ్గి తెలివి రాగానే, ఆ కాగితం చూసి అమ్మ మారుమాటాడకుండా మింగింది. వారానికి లేచి కూర్చుంది.

నేను ఊరుకోలేకపోయాను. "చూసినవా, నీ హకీం సాబ్ మందు మస్తు పనిచేసింది" అని ఎత్తిపొడిచాను.

"గల్లీ అంతా తిట్టుకునే నీ మందు చేదు నాకెర్క లేదా? మొదటి పొట్లంలనే తెల్సింది."

"మరి నేనిస్తే తాగనీకి ఏమైంది?"

"తాగినంక నేను పోతే? కన్నతల్లినే దక్కిచ్చుకోలేదు, మనల్నేం బతికిస్తడని ఒక్కలు సుత నీ గడప తొక్కకపోదురు. హకీం సాబ్‌కు గా ఫికర్ లేదు. ఆయన పేరు ఎన్నడో నిలబడ్డది."

ఇంత మొండిదాన్ని ఏం చేయాలి? తిడదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆమె అప్పటికే కండె అందుకుంది. "ఏడుస్తవెందుకు, పో, తెంపిన పోగులు అతుకుపో" అంది.