మైకు బాబాయి నోరు జారిన సాయంత్రం

ఊళ్లో అందరూ అతన్ని మైకు బాబాయి అంటారు. ప్రాంతీయ చట్టసభకు ఎన్నికలు వచ్చినప్పుడల్లా జీపు ముందు సీట్లో కూర్చుని "గొడుగు గుర్తుకే మన ఓటు!" అని చెవులు చిల్లులుపడేలా అరవడం అతని పని. ఏళ్ల తరబడి గొడుగు పార్టీదే రాజ్యం, కాబట్టి అతనికీ పనికి లోటు లేకపోయింది. చెప్పుకోదగ్గ చదువూ లేదు, చేతిలో మరో విద్యా లేదు. ఉన్నదల్లా ఆ గొంతే.

ఈసారి గాలి మారింది. గొడుగు నీడన బాగుపడ్డ పెద్దలంతా తట్టాబుట్టా సర్దుకుని నిచ్చెన పార్టీలోకి గోడ దూకారు. మొన్నటిదాకా గొడుగు పార్టీ తరఫున చట్టసభ సభ్యుడిగా ఉన్న పెద్దమనిషే ఇప్పుడు నిచ్చెన అభ్యర్థి. వస్తూ వస్తూ బాబాయినీ వెంట తెచ్చుకున్నాడు.

అప్పట్నుంచీ బాబాయికి కంటి మీద కునుకు లేదు. పాత మాట ఎక్కడ తన్నుకొస్తుందోనని ఒకటే బెంగ. స్నానం చేస్తూ నిచ్చెన, చెప్పులేసుకుంటూ నిచ్చెన, కంచం ముందు కూర్చున్నా నిచ్చెనే.

"మీ నిచ్చెన పాడుగాను! ముందు ఆ ముద్ద మింగండి," అంది భార్య.

"ఒక్క మాట తప్పానంటే మన పొయ్యి ఆరిపోతుందే!"

ప్రచారం చివరి సాయంత్రం జీపు అతని సొంత వీధిలోకి తిరిగింది. గుమ్మంలో భార్య కనబడేసరికి బాబాయికి ఎక్కడలేని హుషారు వచ్చింది.

"అక్కల్లారా, అన్నల్లారా! గొడుగు గుర్తుకే మన ఓటు!"

అనేశాక గానీ తప్పు తెలియలేదు. భయపడుతూ వెనక్కి చూస్తే, జీపులో నిలబడ్డ అభ్యర్థి రెండు చేతులూ పైకెత్తి వంతపాడుతున్నాడు. "గొడుగుకే! గొడుగుకే!"

వీధి వీధంతా పగలబడి నవ్వింది. అభ్యర్థి ముఖం కందగడ్డయింది.

"వీణ్ణి అవతలివాళ్లే పంపారు! దింపండి ముందు!"

మైకు లాక్కుని, రెక్క పట్టుకుని దించేశారు. నడివీధిలో నిలబడ్డ బాబాయికి అవమానంతో ఒళ్లు మండిపోయింది. జీపు కదలబోతుంటే అడిగేశాడు.

"అయ్యా! నా నోరూ జారింది, మీ నోరూ జారింది. నన్నంటే మీరు దింపారు. మరి మిమ్మల్నెవరు దింపాలండీ?"

చేతిలో మైకు లేదు. అయినా వీధి చివరి మేడ మీదివాళ్లు సైతం కిటికీలు తెరిచారు. నవ్వులు ఆగిపోయాయి.

"మేమేలే నాయనా," అంది ఎదురింటి ముసలమ్మ.

భార్య వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఇక నన్ను ఏ పార్టీవాడూ పిలవడే," అన్నాడు.