మలుపు దగ్గర పూలు

రోడ్ల ఆఫీసులో ఆమెను అందరూ సుడిగాలి అంటారు. గడ్డి కోసే బండి ఎక్కిందంటే దారి పక్కన పరక మిగలదని ఆ పేరు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. "కొయ్యి" అంటే కోసేది, "ఆపు" అంటే ఆపేది. ఏం కోస్తున్నానని కిందికి చూసిన పాపాన పోలేదు.

మూడేళ్ళ కిందట వసంతం మొదట్లో బండి పాడై నెల్లాళ్ళు షెడ్డులో పడి ఉంది. బాగై వచ్చేసరికి ఊరి చివరి మలుపు దగ్గర పసుపు, ఎరుపు, ఊదా రంగుల్లో అడవిపూలు విరగబూసి ఉన్నాయి. ఇన్నేళ్ళూ వీటినా నేను మొగ్గలోనే నరికేసింది అనుకుంటే ఒక పక్క ఏడుపు, ఒక పక్క నవ్వు. ఆనాటి నుంచి ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. గింజ రాలేదాకా అక్కడ కోయకూడదని ఆఫీసర్ల కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది. చుట్టూ తెల్లరంగు కర్రలు పాతింది. సాయంత్రం ఇంటికొస్తే ఏ మొగ్గ విచ్చిందో చెల్లెలికి చెప్పందే ముద్ద ముట్టదు.

"నా చుట్టూ కూడా నాలుగు కర్రలు పాతక్కా, నేనూ పూస్తానేమో చూద్దాం!" అనేది చెల్లెలు.

ఈ వసంతంలో పిడుగులాంటి కబురొచ్చింది. పూల వల్ల మలుపులో ఎదురొచ్చే బళ్ళు కనిపించడం లేదని ఎవరో ఫిర్యాదు చేశారు. కొత్త ఇంజనీరు చూసి అడ్డమని తేలిస్తే మొత్తం కోసేయాలి.

"శుభ్రంగా కనిపిస్తుంది సార్! రోజూ చూస్తూనే ఉంటాగా!" అంది సుడిగాలి, మలుపు దగ్గరికి కారులో వచ్చిన ఇంజనీరుతో.

"ఎక్కణ్ణుంచి చూస్తావమ్మా?"

"నా బండి మీంచి."

ఇంజనీరు తన కారు తలుపు తీశాడు. ఆమె కూర్చుంది. ఎదురుగా పూలు, వాటి వెనక మళ్ళీ పూలు. రోడ్డు లేదు. తన సీటు మనిషెత్తున ఉంటుందన్న సంగతి మూడేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. నాలుక కరుచుకుంది.

"అంచున ఒక్క వరస కోస్తాను సార్. ఆ తర్వాత చూడండి."

కళ్ళు తుడుచుకుంటూ కోసి, పరుగున వచ్చి కార్లో కూర్చుంది. "అదిగో లారీ! అదిగో!" అని చప్పట్లు కొట్టింది.

ఇంజనీరు పొట్టి మనిషి. ఆయన కూర్చుంటే లారీ కనిపించలేదు.

"కాస్త నిటారుగా కూర్చోండి సార్!"

"ఇంతకన్నా నిటారు నా వల్ల కాదమ్మా."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఆమె ఆగిపోయింది. ఇలాంటి పొట్టివాళ్ళు ఎంతమంది ఈ మలుపు తిరుగుతారో! ఎవరూ చెప్పకుండానే బండెక్కి రెండో వరసా కోసింది. ఎర్రపూలు గుత్తులుగా ఉన్నది ఆ వరసలోనే. ఈసారి కళ్ళు తుడుచుకోలేదు.

ఇంజనీరు మళ్ళీ కూర్చున్నాడు. దూరంగా వస్తున్న సైకిలు కూడా కనిపించింది. దిగి, మిగిలిన పూల పక్కన నిలబడి కాగితం తీశాడు.

"వీటిని ఎప్పుడు కోయాలని రాయమంటావమ్మా?"

ఇరవై ఆరేళ్ళలో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. సుడిగాలి వంగి పూలకేసి చూసింది.

"నేను చెప్పినప్పుడు సార్," అంది.