గ్లాసులో తేలిన బిళ్ళ

నిన్న ముంబై గ్రాంట్ రోడ్‌లో చక్కెర పాకం వాసన తగలగానే, నర్సింలు కాక మీద నేను తీర్చుకున్న పగ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అక్కడికి దగ్గర్లోని కామాఠీపురాలో, వరుస గదుల మా చాల్‌లో, కింది గదిలో ఆయన పాకాన్ని గోడ కొక్కేనికి వేసి లాగి, పిప్పరమెంటు బిళ్ళలు చేసేవాడు. ఎక్కడో యుద్ధం మొదలై గ్యాస్ బండలు దొరకని రోజుల్లో ఆ బిళ్ళలు తేలికయ్యాయి. ఎందుకని అడిగాను.

"వకీలమ్మ వచ్చింది, జరుగుండ్రి!" అని నా స్నేహితుల ముందే నవ్వాడు. "పో పోరీ, లడాయి చేసెటోళ్లను అడుగు!"

మరునాడు నల్లా దగ్గర అందరి ఎదుటా, యుద్ధానికి ముందు కొని దాచుకున్న బిళ్ళను నీళ్ల గ్లాసులో వేశాను. మునిగింది. కొత్తది తేలింది.

"కాక గాలి అమ్ముతుండు!" అని అరిచాను. చాల్ అంతా నవ్వింది. పిల్లలు కొనడం మానేశారు. ఆయన ఎదురుపడినప్పుడల్లా నేను కావాలనే నవ్వేదాన్ని. నెల తిరగకముందే ఆయన గది ఖాళీ చేశాడు.

వెళ్లేనాడు ఆయన అరచేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"గ్యాస్ లేక సగం పాకమే వండిండు," అంది ఆయన భార్య నాతో. "మీ బిళ్ళ చిన్నగ కావద్దని, గాలి నిండి ఉబ్బాలని చేతులు పుండ్లయ్యేదాక లాగిండు."

అయినా నల్లా దగ్గరి ఆ నవ్వు తలచుకుంటే నాకు నేటికీ తియ్యగానే ఉంటుంది. నా సిగ్గంతా ఆ తీపి గురించే.