లిడియా జాడీలో మట్టి

2023 శీతాకాలం. టొరంటోలో ఒక మ్యూజియంలో నేను కన్జర్వేటర్‌ని, అంటే పాత వస్తువులను శుభ్రపరచి, ఇంకా పాడవకుండా చూసే మనిషిని. "అంట్లు తోమడానికి అంత చదువెందుకే" అని మా ఆయన ఆటపట్టించేవారు. ఆయన పోయి అప్పటికి ఏడాది. ఆయన వాసన ఇంకా వదలని చలికోటు డ్రై క్లీనింగ్‌కి వేసి, తర్వాత ఎవరికైనా ఇచ్చేద్దామని ఆ ఉదయం సంచిలో పెట్టుకుని మా ఇల్లున్న స్కార్‌బరోలో బస్సెక్కాను. దారిలో దిగడానికి మనసొప్పక, సాయంత్రం చూద్దాంలే అనుకున్నాను.

ల్యాబ్‌లో బల్ల మీద గుప్పిట్లో పట్టేంత మట్టి జాడీ ఉంది. ఇప్పటి పశ్చిమ టర్కీలో ఒకప్పుడు లిడియా అనే రాజ్యం ఉండేది. అక్కడ కలిగినవాళ్ళు చనిపోతే రాతి గదిలో, రాతి మంచం మీద పడుకోబెట్టి, పక్కన తిండి గిన్నెలు, ఇలాంటి అత్తరు జాడీలు పెట్టేవారు. గది మీద కొండంత మట్టిదిబ్బ పోసేవారు. రెండున్నర వేల ఏళ్ళకు ఈ జాడీలో మిగిలింది కాస్త మట్టి. అది తీసేసి, ఎగ్జిబిషన్‌కి శుభ్రంగా అప్పగించాలి.

మా వాలంటీర్ ఎమినే ఆంటీ పుట్టింది ఆ దిబ్బల పక్క పల్లెలోనే. జాడీ చూద్దామని వచ్చి, నా చేతిలో బ్రష్ చూసి ఆగిపోయారు.

"ఏం తీస్తున్నావమ్మా?"

"లోపలి మురికి, ఆంటీ."

"అది మా ఊరి మట్టి." బల్ల దగ్గరికి జరిగి అన్నారు: "మా ఆయన తన సమాధిలో గుప్పెడు ఊరిమట్టి వేయమన్నారు. అది తెప్పించేలోపే ఇక్కడ పక్కనే ఏజాక్స్ ఊళ్ళో ఖననం అయిపోయింది. ఈ జాడీలోనైనా ఉండనియ్యి."

బ్రష్ పక్కన పెట్టేశాను. ఎగ్జిబిషన్ చూసుకునే క్యూరేటర్‌కి ఫోన్ చేశాను. "పరీక్షకి చిటికెడు తీసి, మిగతాది లోపలే ఉంచుదాం. ఏ అత్తరు పోశారో రేపెవరైనా తేల్చాలంటే అదే ఆధారం కదా" అన్నాను. ఆయన కాసేపు నసిగి, పైన మాత్రం శుభ్రంగా ఉండాలని ఒప్పుకున్నారు.

ఆంటీ మాస్క్ దించి, చేతులు వెనక్కి కట్టుకుని, జాడీ మీదికి వంగారు.

"అత్తరు వాసనొస్తోందా?" అని అడిగాను.

"లేదు. మా పొలం వాసన."

నేనూ మాస్క్ తీసి చూశాను. నాకు ఏ వాసనా తెలియలేదు. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయారు. మా ఆయన మీద బెంగ ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

ఏది తీసేయాలో తెలుసుకోవడం కన్నా ఏది ఉంచాలో తెలుసుకోవడం కష్టమని మాకు చదువులోనే చెప్పారు. నాకది ఆ రోజు అర్థమైంది. సాయంత్రం డ్రై క్లీనింగ్ షాపు ముందు బస్సు ఆగింది. కోటున్న సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, దిగలేదు.