తిప్పన్న కడుపులో జనం

1991 ఎండాకాలం చివర్లో గద్వాలలో ఒక డాక్టరు గారి క్లినిక్ పక్క గదిలో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. నా చదువు పదో తరగతి దాకానే. మైక్రోస్కోపు వాడటం, రక్తకణాల కౌంట్ తీయడం చూసి నేర్చుకున్నవే. కౌంట్ అంటే స్లైడు మీద గీసిన గడుల్లో కొన్నింట్లోని కణాలను లెక్కపెట్టి, మొత్తానికి హెచ్చవేయడం. కంటికి కనిపించేదేదైనా ఓపికగా కూర్చుంటే లెక్కకు వస్తుందని అప్పట్లో నా నమ్మకం.

ఒకనాడు తిప్పన్న అనే చీరల నేతగాణ్ణి అతని భార్య శరణమ్మ రిక్షాలో తీసుకొచ్చింది. నీళ్ల విరేచనాలు వారం దాటినా ఆగడం లేదు. కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది. గోడ పట్టుకుంటే గాని నిలబడలేకపోతున్నాడు.

"మగ్గం గుంతల కూసుంటే పొద్దుమీకేదాక లేవనోడు సారూ, ఇప్పుడు చెంబు ఇడుస్తలేడు. మనిషి దక్కుతడా?" అని ఆమె ఏడ్చింది.

డాక్టరు గారు సెలైన్ పెట్టించి, మలం నమూనా నా దగ్గరికి పంపారు. అమీబా లేదు, నులిపురుగుల గుడ్లు లేవు, చీము కణాలూ లేవు. అదే చెప్పాను.

"గ్రామ్ స్టెయిన్ చేసి చూడు" అన్నారాయన.

అది క్రిములకు రంగు అద్దే పద్ధతి. కొన్ని ఊదాగా, కొన్ని ఎర్రగా తేలతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలో కూడా ఇవి సంత రోజు ఆత్మకూరు బస్సులో జనంలా ఒకదానిమీదొకటి పడి ఉంటాయి.

తిప్పన్న స్లైడులో ఆ జనం లేరు. అక్కడొకటి, ఇక్కడొకటి. మధ్యలో గుండ్రంగా ఈస్టు కణాలు, పిండిని పులియబెట్టే జాతివి. రంగు తప్పిందేమోనని నా సొంత నమూనాకు అదే రంగు వేసి చూశాను. కిక్కిరిసి ఉంది. లెక్క మొదలుపెట్టి, ఒక్క మూల కూడా పూర్తిచేయలేక వదిలేశాను.

డాక్టరు గారు విని నేరుగా మంచం దగ్గరికి నడిచారు. "తిప్పన్నా, ఏం మందులు వాడుతున్నవ్?"

"ఏం లేవు సారూ. మొన్న కాలుకు పుండయితే మీరిచ్చిన గోలీలే."

"అవి కొన్ని రోజులకే ఇచ్చిన గదా?"

"పుండు మంచిగ మానింది. ఆఖర్ల కడుపు కరాబయింది. గంత పుండునే మాన్పినయి, కడుపునెందుకు మాన్పయని మల్ల కొనుక్కొచ్చిన."

"మొత్తుకున్న సారూ," అంది శరణమ్మ. "కాలి మందు కడుపుకేందయ్యా అంటే, కడుపేమన్న పక్కింటోళ్లదా అన్నడు!"

ఆ గోలీలు యాంటీబయాటిక్. పుండులోని క్రిములను చంపే మందు, కడుపులో మనకు పనికొచ్చే వాటినీ వదలదు. అవి తగ్గిపోతే కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. ఆ విరేచనాలు ఆగాలని ఇతను అదే మందు మింగుతూ పోయాడు. డాక్టరు గారు గోలీలు ఆపించి, ఓఆర్ఎస్ నీళ్లు, గంజి, పలుచటి మజ్జిగ ఇప్పించారు. కొద్దిరోజుల్లో మనిషి లేచి కూర్చున్నాడు.

నెల దాటాక భార్యతో కలిసి నడిచే వచ్చాడు. డాక్టరు గారు మళ్లీ చూడమంటే స్లైడు చేశాను. కన్ను ఆనించి అలాగే ఉండిపోయాను. ఊదా, ఎరుపు, పొడుగు, గుండ్రం, సందు లేదు. ఎవరూ విత్తలేదు, ఎవరూ పిలవలేదు. మిగిలిన కొన్నే పెరిగాయో, తిన్న అన్నంతో కొత్తవి వచ్చాయో! నా ఒక్కడి కన్నుకు అది ఎక్కువనిపించి తిప్పన్నను పిలిచాను. సన్నపోగులు చూసే చూపు, వెంటనే పట్టుకుంది.

"తమ్మీ, గివన్నీ నా కడుపులనే ఉన్నయా?"

"అందరి కడుపుల ఉంటయన్నా."

చాలాసేపు కన్ను తీయలేదు. "ఇంతమందికి తిండి పెడుతున్ననని నాకు తెల్వనే తెల్వదు."

"అందుకేనా," అంది శరణమ్మ, "ఎంత వండినా గిన్నె ఊడ్సి పెడతవు!"

అంతకుముందు రిపోర్టులో "క్రిములు లేవు" అని రాస్తే అది శుభవార్తే అనుకునేవాణ్ణి. ఆ తర్వాత అలా రాయబోతే చెయ్యి ఆగుతుంది. తల ఎత్తి, ఎదుటి మనిషిని ఏం మందు వాడుతున్నావని అడుగుతాను. స్లైడు మీద ఉన్నవాటిని లెక్కపెట్టడం నేనే నేర్చుకున్నాను. ఉండాల్సినవి లేకపోతే వాటినీ లెక్కలోకి తీసుకోవాలని తిప్పన్న కడుపు నేర్పింది.