కాంటా అయ్యేదాకా

భూపాలపల్లికి బదిలీ అయ్యాక నాకు మాటలు తగ్గాయి, బ్లాగు పెరిగింది. ఆఫీసులో పని మాటలు, మెస్‌లో "ఇంకో రొట్టె?" అంతే. మిగిలినవన్నీ బ్లాగులో పోసేవాణ్ని. జనగామలో అద్దెకున్న ఇంటి గురించి ఎత్తుకుంటే, పక్కింటి కోడిపుంజు దాకా వెళ్తే గానీ ఆగేది కాదు. నెలకో పోస్టు పడేది. చదివేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వాళ్లలో మా అక్క ఒకతి. నెల్లికుదురు దగ్గరి ఊళ్లో ఉంటుంది. బావ పోయినప్పటి నుంచి ఎవుసం ఒక్కతే చూసుకుంటుంది. చదవగానే ఫోన్ చేసేది.

"గంత పొడుగు ఎవలు సదువుతరన్నా? చిన్నగ రాయి, రోజు రాయి" అన్నాడు ఆఫీసులో ఒకతను. నిజమే అనిపించింది. ఎవరూ చదవకపోతే గోడలకు చెప్పుకున్నట్టే కదా. రోజూ నాలుగు ముక్కలు గిలకడం మొదలుపెట్టాను. బొగ్గు లారీ వెనక ఇరుక్కున్న బస్సు. ఉప్పు లేని పప్పు. రాసినదాంట్లో సగం కొట్టేస్తుంటే నా నోరు నేనే మూసుకుంటున్నట్టుండేది.

పోస్టులు పెరిగాయి, చదివేవాళ్లు పెరగలేదు. పైగా అక్క ఫోన్లు ఆగిపోయాయి. ఆమె కూడా మానేసిందని లోలోపల ఉడికిపోయాను. ఆ గదిలో అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

చివరికి ఒక సెలవు రోజు నేనే ఫోన్ చేశాను. అక్క కేసముద్రం మార్కెట్లో ఉంది. మక్కజొన్నలు కుప్ప పోసి, కాంటా పెట్టి తూచేదాకా కావలి కూర్చుంది.

"నేను రాసేటివి సదువుతలేవా అక్కా?" అని నిష్ఠూరమాడాను.

"గింత గింత రాస్తున్నవంటే నీకు తీరిక లేదనుకున్న తమ్మీ. అందుకే ఫోన్ గూడ జేస్తలేను. ఇదివరకు కుప్ప కాడ కూసోని సదువుతుంటే, నువ్వు పక్కన కూసోని ముచ్చట వెట్టినట్టుండేది. ఇప్పుడు చాయ్ సల్లారకముందే అయిపోతది. ఇగ పొద్దుగూకేదాక నేనెవలతోని మాట్లాడాలె?"

ఒంటరివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. నా మీద నాకే కోపం వచ్చింది.

"కాంట ఎప్పుడంట?"

"ఏమో, హమాలీలు ఇటు దిక్కే రాలె."

ఫోన్ పెట్టేసి జనగామ ఇంటి మెట్ల దగ్గర మొదలుపెట్టాను. రాసిన ముక్క రాసినట్టే బ్లాగులో పెడుతూ పోయాను. కోడిపుంజు దాకా వచ్చేసరికి అక్క మెసేజ్ వచ్చింది: "హమాలీలు ఇంక రాలె."

ఇంకో ముక్క రాశాను.