పెదవుల మీది మాట

మొన్నటి ఎండాకాలం కరీంనగర్‌లో ఒక చిన్న హాలు తీసుకుని నా బొమ్మలు పెట్టాను. నేను పెద్దపల్లిలో డ్రాయింగు మాస్టరును. ఇరవై ఏళ్లుగా మనుషుల ముఖాలే గీస్తున్నాను. రెండో రోజు మధ్యాహ్నం, పక్క సందులో గాజుల దుకాణం నడిపే ఒక ముస్లిం పెద్దామె ఎండకు ఆగలేక లోపలికి వచ్చింది. కూలరు ముందు కాసేపు నిలబడి, తర్వాత ఒక్కో బొమ్మనూ తీరిగ్గా చూసింది.

"బేటా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. గీళ్లందరు ఏమంటున్నరు?"

"ఎవరమ్మా?"

"గీ బొమ్మలల్ల ఉన్నోళ్లు. ఒక్కళ్ల నోరు గూడ ఊకె లేదు."

చూశాను. నిజమే. కూరగాయలమ్మే ఆమె, బస్సు కోసం నిలబడ్డ ముసలాయన, పత్తి ఏరే కూలీలు, అందరి పెదవులూ మాట మధ్యలో ఆగి ఉన్నాయి. "నాకూ తెల్వదమ్మా" అన్నాను.

"గీసినోనివి, నీకే తెల్వదా!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆదివారం మా ఊరు సిరిసిల్ల వెళ్లాను. అక్కడ మరమగ్గాలను సాంచాలంటాం, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బాపు ఇప్పటికీ సాంచాలు నడుపుతాడు. అదే షెడ్డులో అవ్వ కండెలకు నూలు చుడుతుంది. పదహారు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో అరిచినా వినపడదు. గుమ్మంలో నిలబడ్డాను. అవతలి గోడ దగ్గరున్న అవ్వ నన్ను చూసి పెదవులు కదిలించింది.

"తిన్న" అని తలూపాను. ఆమె మళ్లీ పనిలో పడింది.

అప్పుడు తట్టింది. ఆమె "తిన్నవా?" అనడం నేను వినలేదు, చూశాను. చిన్నప్పుడు బడి లేని రోజులన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. తిట్లు, పరాచికాలు, ఎవరింట్లో ఏం కూర, అన్నీ కళ్లతోనే విన్నాను. బొమ్మలు నేర్చుకునేటప్పుడు మా సారు "ముందు కళ్లు వెయ్యి, మనిషి అక్కడే ఉంటాడు" అని ఎంత చెప్పినా, నా పెన్సిలు పెదవుల దగ్గరికే పోయేది. ఎందుకో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

సాయంత్రం ఇంట్లో, ఫోన్‌లో ఉన్న బొమ్మలు బాపుకు చూపించాను. సాంచాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో సగం పోయాయి. ఎప్పుడు చూపించినా "మంచిగున్నయి" అని ఫోన్ తిరిగిచ్చేవాడు. ఈసారి, "బాపూ, గీ ముసలాయన ఏమంటుండు?" అని అడిగాను.

అద్దాలు పెట్టుకుని చూశాడు. "బస్సు రాలే అంటుండు."

"మరి కూరగాయలామె?"

"పాలు అంటుంది."

అవ్వ వంటింట్లోంచి వచ్చి తొంగి చూసింది. "పాలు గాదు, మాలు. మాలు మంచిదంటుంది. కూరగాయలామె పాలెందుకంటది?"

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆ మాటలేవీ నేను అనుకుని గీసినవి కావు.

చివరికి, ఎవరికీ చూపించని బొమ్మ తీశాను. అది బాపుదే. ఎన్నిసార్లు గీసినా కుదరక వదిలేసింది. ఆయన చాలాసేపు చూశాడు.

"గీడెవడో నా మొఖం పెట్టుకున్నడు. ఏమంటుండో సమజైతలేదు. నా నోరు గట్ల తిరుగదు."

"అయితే ఒక మాట అను బాపూ, గీస్త."

"ఏమనాలె?"

"షెడ్ల ఎక్కువ ఏమంటవో అదే."

కొంచెం సిగ్గుపడి, "పోగు తెగింది" అన్నాడు. ఆయనతో మళ్లీ మళ్లీ అనిపించి, "పో" దగ్గర పెదవులను పట్టుకున్నాను. గీసింది చేతికిస్తే దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "ఆఁ, గిప్పుడు నేనే" అన్నాడు.

మర్నాడు పొద్దున అవ్వను కూర్చోబెట్టాను. ఆమె ఒక్క మాట దగ్గర ఆగితే కదా! మూడు కాగితాలు ఖరాబయ్యాయి. నాలుగోది ఇంకా గీస్తున్నాను.